తమ్ముడు తాగాడు, నేను పరిగెత్తాను

ఆరోగ్యం కోసం పరుగు మొదలుపెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. తెల్లారకముందే లేచి, మెరిసే బూట్లు వేసుకుని, పరిగెత్తిన దానికంటే ఎక్కువసేపు ఫోన్లో ఫోటోలు పెట్టుకునే జనం. నేను అలా మొదలుపెట్టలేదు. మా తమ్ముడు ఏళ్ళ తరబడి తాగాడు కాబట్టి, నలభై దాటాక నేను పరిగెత్తాల్సి వచ్చింది.

వాడి లివర్ పూర్తిగా పాడైపోయింది. కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట కుండలా ఉబ్బింది, కాళ్ళు పుల్లల్లా మిగిలాయి. మందు మానేశాడు గానీ, మానేసరికే ఆలస్యమైంది. దగ్గరి బంధువు ఎవరైనా తమ లివర్‌లో కొంత భాగం ఇస్తే తప్ప బతకడని డాక్టరు చెప్పాడు. ఇచ్చినవాళ్ళకి అది మళ్ళీ పెరుగుతుందట. అమ్మకి డెబ్బై దాటాయి. మరదలి బ్లడ్ గ్రూపు కలవలేదు. వాడి పిల్లలు ఇంకా బడికి వెళ్ళే వయసువాళ్ళు. మిగిలింది నేను. నా గ్రూపు కలిసింది. ఆసుపత్రి వరండాలో అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఇంకెప్పుడూ నా చెయ్యి అంత గట్టిగా పట్టుకున్నట్టు నాకు గుర్తులేదు.

తర్వాత నాకు స్కాన్ తీశారు. డాక్టరు తెర మీద చూపిస్తూ, "ఇది మీ లివర్ అమ్మా. కొవ్వు పేరుకుపోయింది. దీన్ని ఎవరికీ పెట్టలేం," అన్నాడు. "బరువు తగ్గండి. ఊరికే నడిస్తే చాలదు, ఒళ్ళు తడిసేలా పరిగెత్తండి. తీపి, నూనె బంద్ చెయ్యండి. కొవ్వు కరిగితే ఆపరేషన్ చేద్దాం. మీ తమ్ముడికి మాత్రం ఎక్కువ టైం లేదు."

వరండాలోకి వచ్చి ఆ మాట చెప్పగానే అమ్మ నా చెయ్యి వదిలేసింది. "చిన్నప్పటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, తిండి తగ్గించవే అని," అంది.

మా ఆయన శంషాబాద్‌లో ఒక గోడౌన్‌కి మేనేజరు. నేను ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో గదుల బుకింగులు చూస్తాను. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం లేచే ఉద్యోగం. ఆ రాత్రి అన్నాల దగ్గర సంగతంతా చెప్పాను. నోటి దాకా తీసుకెళ్ళిన ముద్ద ఆపి నవ్వాడు.

"నువ్వు? పరుగా? మొన్న లిఫ్టు పాడైతే మెట్ల మధ్యలో కూలబడిపోయినదానివి."

"వాడి ప్రాణమండీ."

"నేనేం వద్దన్నానా? మీ తమ్ముడు, నీ ఒళ్ళు. పరిగెత్తు. రిపోర్టు బాగా వస్తే ఆపరేషన్ చేయించుకో. నేనేం అడ్డం చెప్పను."

ఆ ఆదివారమే షాపుకి తీసుకెళ్ళి బూట్లు కొనిపెట్టాడు. మా వాళ్ళందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాడు. అల్లుడుగారిది ఎంత పెద్ద మనసో అని అమ్మ వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చెప్పుకుంది. నేనూ మురిసిపోయాను. ఆ బూట్ల డబ్బా అటక మీద దాచుకున్నాను కూడా.

మా కాలనీలో పరిగెత్తే ధైర్యం లేక స్కూటీ మీద మంఖాల్ దగ్గరి వెంచర్‌కి వెళ్ళేదాన్ని. ప్లాట్లు అమ్ముడైపోయాయి గానీ ఇల్లు కట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. పెద్ద ఆర్చి, వెడల్పాటి తారు రోడ్లు, వరసగా కరెంటు స్తంభాలు, ఏ పిల్లా ఎక్కని ఉయ్యాలలున్న పార్కు, హద్దురాళ్ళ మధ్య మోకాలెత్తు గడ్డి. మనిషన్నవాడు చూడడని ఆ చోటు ఎంచుకున్నాను. కానీ ఆర్చి పక్క రేకుల గదిలో ఒక కాపలా ఆవిడ ఉంది, ఆవిడకి పొద్దున్నే వేరే పని లేదు.

మొదటి రోజు బస్సు తప్పిపోతున్నట్టు పరిగెత్తాను. నాకు తెలిసిన పరుగు అదొక్కటే. రెండో స్తంభం దాటేసరికి గొంతులో నెత్తురు రుచి తగిలింది, కుడి పక్కటెముకల కింద ఎవరో పట్టుకుని మెలిపెట్టినట్టు నొప్పి. హద్దురాయి మీద కూలబడ్డాను. కాపలా ఆవిడ నోట్లో వేపపుల్లతో తీరిగ్గా వచ్చింది.

"ఏందక్కా, ఎవలన్న ఎంబడి పడ్డరా?"

"లేదు. ఊరికే పరిగెత్తుతున్నాను."

"ఊరికెనే ఎవలన్న ఉరుకుతరా? జర పైలం. గీడ పడిపోతే నిన్ను లేపనీకి నలుగురు గావాలె."

మర్నాడు వాళ్ళాయన్ని కూడా పిలిచి చూపించింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ నన్ను చూసేవాళ్ళు. వెంచర్ కుక్కలు మొదట్లో వెంటపడ్డాయి. వారం తిరక్కుండానే నన్ను తరమడం వాటికి కూడా పరువు తక్కువనిపించింది కాబోలు, తల ఎత్తి చూసి మళ్ళీ పడుకునేవి.

తొడలు ఒరుసుకుపోయి మండేవి. మోకాళ్ళ కింద ఎముకలు రాత్రంతా సలిపేవి. హోటల్లో కుర్చీలోంచి లేస్తుంటే పక్క సీటు పిల్లలు మొహాలు చూసుకునేవాళ్ళు. ఎవరూ నేర్పకుండానే ఒక్కటి తెలిసింది. నెమ్మదిగా పోవాలి, సిగ్గుపడేంత నెమ్మదిగా. ఒక స్తంభం దాకా పరుగు, తర్వాత రెండు స్తంభాల దాకా నడక. నా పరుగు కంటే ఆ కాపలా ఆవిడ నడకే జోరుగా ఉండేది.

సాయంత్రాలు తమ్ముడు ఫోన్ చేసేవాడు.

"అక్కా, ఇవాళెంత కరిగింది?"

"నువ్వు తాగినదాంట్లో ఒక పెగ్గంత."

"తొందరగా కానీవే. నా ప్రాణం నీ పొట్టలో ఇరుక్కుపోయింది."

"మధ్యలో చచ్చావంటే చంపేస్తాను."

నవ్వేవాడు. నవ్వితే ఆయాసం వచ్చేది. మేమిద్దరం ఎప్పుడూ అలాగే మాట్లాడుకునేవాళ్ళం. ప్రేమగా మాట్లాడటం మా ఇంట్లో ఎవరికీ రాదు.

వనస్థలిపురంలో తమ్ముడి దగ్గరుండే అమ్మ ప్రతి ఆదివారం స్టీలు డబ్బాలు మోసుకుని వచ్చేది. సున్నుండలు, గోరుమిటీలు, నెయ్యి కారే పప్పు. మా వైపు ఇళ్ళలో పురిటికి వచ్చినవాళ్ళకైనా, పరీక్ష రాసేవాళ్ళకైనా, ఆపరేషనుకి వెళ్ళేవాళ్ళకైనా మందొక్కటే, నెయ్యి.

"తీపి, నూనె వస్తువులు తినొద్దన్నారమ్మా," అన్నాను.

"నూనె వద్దన్నారు. నెయ్యి వద్దన్నారా? లివర్ కోసి ఇవ్వాల్సిన పిల్లవి, ఒంట్లో బలం లేకపోతే ఎలాగే? నువ్వు తిన్నది రేపు వాడికే కదా పోయేది."

నేను తిన్నాను. తెలిసీ తిన్నాను. ఊహ తెలిసినప్పటి నుంచీ నా కంచం వంక కళ్ళురిమి చూసిన మనిషి, పక్కన కూర్చుని, ఇంకొకటి తినవే అని నోటికి అందిస్తుంటే నాకు వద్దనబుద్ధి కాలేదు. ఆవిడ కొడుకు కోసం పెడుతోందని తెలుసు. అయినా తిన్నాను.

రెండో స్కాన్‌లో కొవ్వు తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ తమ్ముడు బతకాలని మీకు ఉందా, లేదా?" అని అడిగాడు. పక్కనే మరదలు నిలబడి ఉంది. నా పొట్ట వంక చూసింది.

ఇంటికొచ్చి డబ్బాలన్నీ ఖాళీ చేసి అమ్మకి తిప్పి పంపాను. ఇంకొక్క సున్నుండ తెచ్చినా నీ కొడుకుని నువ్వే చంపుకున్నట్టు అని ఫోన్లో అరిచాను. ఆవిడ ఏడ్చింది. ఏడవనీ అనుకున్నాను.

ఆ తర్వాత పరిగెత్తాను. వానలో, బురదలో, జ్వరంతో కూడా. ఉడికించిన కూరలు తిని, చక్కెర లేని టీ తాగి, నెత్తి మీదుగా కిందకి దిగే విమానాలని తిట్టుకుంటూ పరిగెత్తాను. వాణ్ణి తిట్టుకుంటూ ఇంకా బాగా పరిగెత్తేదాన్ని. వాడు దాచిన సీసాలు, అమ్మ వాణ్ణి వెనకేసుకొచ్చిన తీరు, వాడు మొదటి పెగ్గు తాగిన ఊరు, అన్నీ గుర్తు తెచ్చుకునేదాన్ని. ఒక పొద్దున్న స్తంభాలు చూసుకోవడమే మర్చిపోయి, వెంచర్ చుట్టూ ఆగకుండా తిరిగి ఆర్చి దగ్గరికొచ్చాను. కాపలా ఆవిడ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"ఓయమ్మో, నువ్వేనా అక్కా? ఇగ నిన్ను ఎవలు ఎంబడి పడ్డా దొరకవు."

ఇంట్లో మా ఆయన నవ్వడం మానేశాడు. నా బట్టలు వదులయ్యేకొద్దీ ఆయన మాటలు తగ్గాయి. గోడౌన్ నుంచి వస్తూ బిర్యానీ పట్టుకొచ్చేవాడు, మిర్చి బజ్జీలు పట్టుకొచ్చేవాడు. "మొహం పీక్కుపోయింది, పేషెంటులా ఉన్నావు, ఒక్క ముక్క తింటే ఏమవుతుంది?" అనేవాడు. నా మీద జాలి అనుకున్నాను. వాసన చూసి లేచి వెళ్ళిపోయేదాన్ని.

మూడో స్కాన్‌కి నేనొక్కదాన్నే వెళ్ళాను. అది చూసి డాక్టరు నవ్వాడు. "మీరు సాధించారమ్మా," అన్నాడు. ఇక ఒక్కటే మిగిలింది. ఆసుపత్రిలో కమిటీ ముందు నేను కూర్చుని ఇష్టపూర్వకంగా ఇస్తున్నానని చెప్పాలి, నా భర్త కూర్చుని తనకి అభ్యంతరం లేదని చెప్పాలి. చట్టంలో అలా ఉందో లేదో నాకు తెలియదు. పెళ్ళైన ఆడమనిషికి భర్త రాకుండా కత్తి పెట్టేది లేదని ఆ ఆసుపత్రి వాళ్ళు తేల్చి చెప్పారు. అమ్మకి చెప్పకముందే, తమ్ముడికి చెప్పకముందే, ముందు మా ఆయనకి చెబుదామని ఇంటికి పరిగెత్తుకొచ్చాను.

"రిపోర్టు బాగా వచ్చిందండీ! గురువారం కమిటీ. మీరొచ్చి ఒక్క మాట చెబితే చాలు."

ఆయన టీవీ కట్టేశాడు. "నేను రాను."

వేళాకోళం అనుకున్నాను. "అడ్డం చెప్పనన్నారు కదా!"

"నీ వల్ల కాదని తెలిసి అన్నాను. నాలుగు రోజులు ఎగిరి, కాళ్ళ నొప్పులని మంచమెక్కుతావనుకున్నాను. నేను వద్దంటే మీవాళ్ళు నన్ను ఆడిపోసుకుంటారు. నీ వల్ల కాలేదంటే గొడవే ఉండదు. ఇంతదాకా తెస్తావని ఎవరనుకున్నారు?"

"మరి వాడు?"

"తాగినవాడు పోతాడు. వాడి కోసం నా పెళ్ళాన్ని కోయిస్తానా? రేపు నువ్వు మంచాన పడితే నన్నెవరు చూస్తారు?"

కోపంగా కూడా అనలేదు. కరెంటు బిల్లు సంగతి మాట్లాడినట్టు మాట్లాడాడు. నా మీద బెంగతో, భయంతో వద్దని ఉంటే ఆయన్ని క్షమించేదాన్నేమో. నా చేతకానితనం మీద అంత నమ్మకం పెట్టుకుని, ఆ నమ్మకంతోనే బూట్లు కొని, ఆ నమ్మకంతోనే ఊరంతా మంచి పేరు తెచ్చుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా రోత పుట్టింది.

నేను స్నానానికి వెళ్ళి వచ్చేలోపు ఆయన అమ్మకి ఫోన్ చేసేశాడు. రిపోర్టు ఇంకా బాగా రాలేదని, ఇంకొంచెం తగ్గాలన్నారని చెప్పాడు. నేను నోరు విప్పలేదు. బయటపెట్టి పరువు తీస్తే మొండికేస్తాడని, నాలుగు గోడల మధ్య బతిమాలితే కరుగుతాడని అనుకున్నాను. కాళ్ళు పట్టుకున్నాను. వంట మానేశాను. నేనొక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళి దండం పెట్టాను, భర్తని తీసుకురమ్మని తిప్పి పంపారు. గురువారం దాటిపోయింది, తర్వాతి గురువారమూ దాటిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు సరిగా పెగలడం లేదు.

"అక్కా, ఇంకెంత ఉందే?"

"కొంచెమే రా," అన్నాను.

"పరిగెత్తవే," అన్నాడు.

అదే వాడి చివరి ఫోను. రెండు రోజుల తర్వాత నెత్తురు కక్కుకుని, ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలో పోయాడు.

పెద్దకర్మ రోజు వనస్థలిపురంలో ఇంటి ముందు షామియానా వేశారు. అందరూ నన్ను చూసి ఎంత సన్నబడ్డావే అన్నారు. మా ఆయన మగవాళ్ళ మధ్య కూర్చుని, "వానైనా సరే, రోజూ పరిగెత్తేదండీ పాపం. ఏం చేస్తాం, టైం సరిపోలేదు," అని చెబుతున్నాడు. నాకు వినపడుతూనే ఉంది. లోపల గదిలో అమ్మ నా భుజం మీద వాలి, ఏడుస్తూ అంది, "ఇంకొంచెం గట్టిగా పరిగెత్తి ఉంటే నా కొడుకు దక్కేవాడు కదే."

ఇక నా వల్ల కాలేదు. మొత్తం చెప్పాను. మూడో స్కాన్, డాక్టరు నవ్వు, గురువారం, నేను రాను అన్న మాట, అన్నీ. మరదలు గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. అమ్మ ఏడుపు ఆగింది. బయటికి వెళ్ళి ఆయన చొక్కా పట్టుకుంటుందనుకున్నాను. నాకు అదే కావాలి. నా కోసం కాకపోయినా, పోయిన కొడుకు కోసమైనా ఆవిడ ఒక్కసారి ఆయన మొహాన ఉమ్మేస్తుందని ఎదురుచూశాను.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది.

"గట్టిగా మాట్లాడకు, వింటారు. అల్లుడుగారి తప్పేముందే? ఏ మగాడైనా ఆ మాటే అంటాడు. నువ్వు మొదటి నుంచీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటే, ఆ మొదటి స్కాన్‌లోనే అయిపోయేది. అప్పుడాయన సరేనన్నారు కదా."

ఆ క్షణాన మా అమ్మని నేను అసహ్యించుకున్నాను. ఆవిడ లేచి వంటశాల వైపు వెళ్ళి, గారెల పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టింది. "బంతి మొదలైంది. ముందు ఆయనకి వెయ్యి," అంది.

వెళ్ళి వడ్డించాను. రెండు చాలన్నాడు.