దుబాయి రూటర్, మూడు గంటలకు ఇంటర్వ్యూ

2011 సెప్టెంబరులో నన్ను జగిత్యాల బ్రాంచి నుంచి కోరుట్లకు ఫీల్డ్ టెక్నీషియన్‌గా వేశారు. అదొక ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీ. నా పైన జగిత్యాలలో సూపర్‌వైజర్, ఆయన పైన సిరిసిల్లలో ఏరియా ఇంజనీరు. స్తంభం మీది పెట్టె నుంచి ఇంటికి వైరు లాగడం, యూజర్ నేమ్ ఎక్కించడం, సంతకం తీసుకోవడం నా పని. కస్టమర్ పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోకూడదు, ఆఫీసు లాప్‌టాప్ ఎవరికీ ఇవ్వకూడదు. ఈ రెండు నిబంధనలనూ ఒకే మధ్యాహ్నం తప్పాను.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది, ఆ రోజు బంద్. కొత్త కనెక్షన్ ఇవ్వడానికి ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంట్లో సునీత అనే అమ్మాయి నర్సింగ్ పూర్తి చేసింది. గల్ఫ్‌లోని ఒక ఆసుపత్రి వాళ్లు మూడు గంటలకు వీడియోలో ఇంటర్వ్యూ చేస్తామన్నారు. నెట్ సెంటర్లన్నీ మూతపడ్డాయి. ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంది కానీ దానికి వైరు పెట్టే సాకెట్ విరిగింది, వైఫై ఒక్కటే దారి. వాళ్లన్న దుబాయి నుంచి తెచ్చిన రూటర్ మా లైనుకు పనిచేయడం లేదు.

అలాంటివి ఆ ప్రాంతంలో చాలా చూశాను. అక్కడి కంపెనీలు రూటర్‌ను తమ లైనుకే కట్టేస్తాయి, మన యూజర్ నేమ్ రాసే చోటే ఉండదు. లోపలి ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. దాన్ని తీసి, బయటివాళ్లు రాసి ఉచితంగా ఇచ్చే ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే తాళం ఊడుతుంది. ఆఫీసులో వేరే రూటర్ ఉంది కానీ జగిత్యాల రోడ్డు మీదే వండి తింటూ నిరసనగా వంటావార్పు చేస్తున్నారు, ఏ బండీ కదలడం లేదు.

ముందు నా లాప్‌టాప్‌కు వైరు పెట్టి లైను చూశాను, బాగుంది. తర్వాత ఫర్మ్‌వేర్ మార్చే ముందు సరిచూసుకోవాల్సిన వాటి జాబితా తీశాను. మోడల్ నంబరు, అడుగున లేబుల్ మీది వెర్షన్, ఫైలు సైజు, వైరు ద్వారానే ఎక్కించడం. అన్నీ సరిపోయాయి. ఎక్కడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో కరెంటు పోతే రూటర్ ఇటుకతో సమానం.

సమ్మెతో బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి. పేపర్లో వేసిన వేళల ప్రకారం రెండు నుంచి ఆరు వరకు కోత లేదు. అదే మాట చెబితే సునీత తల్లి రూతమ్మ నవ్వింది. “గా పేపర్ల టైము నమ్మకు కొడుకా. పొద్దటి సంది నాలుగుసార్లు పోయింది.”

రెండుంబావుకు మొదలుపెట్టాను. రెండో నిమిషంలో ఫ్యాన్ ఆగింది.

పది నిమిషాల తర్వాత కరెంటు వచ్చింది. రూటర్‌లో ఒక్క దీపం మాత్రమే మిణుకుమంటోంది. రీసెట్ బటన్ ముప్పై సెకన్లు నొక్కాను, రెండుసార్లు. మార్పు లేదు. మూడోసారి నొక్కుతుంటే మళ్లీ కరెంటు పోయింది. సునీత గడియారం వైపు చూసింది. ఇరవై నిమిషాలే ఉన్నాయి.

“అన్నా, నీ లాప్‌టాప్‌ల నెట్టు అస్తదా?”

వస్తుందన్నాను.

“మరి గదే ఇయ్యరాదా? నాకు కావాల్సింది ఇంటర్వ్యూ. రూటరేం జేసుకోను?”

లైను బాగుందని నేనే గంట కిందట ఆ లాప్‌టాప్‌లో చూసి పక్కన పెట్టాను. స్తంభం మీది పెట్టెకు బ్యాటరీ ఉంది, లాప్‌టాప్‌లోనూ సగం ఛార్జింగ్ ఉంది. వైరు మార్చి, వెలుతురు కోసం గడప పక్కన స్టూలు వేశాను.

చౌరస్తాలో సమ్మె కుర్రాళ్లు డప్పులు కొడుతున్నారు. రూతమ్మ కొంగు బిగించి వాళ్ల దగ్గరికి వెళ్లింది. మాటలు వాకిటి దాకా వినిపించాయి. “అర్ధగంట ఆపుండ్రి బిడ్డా, మా పిల్లకు ఇంటర్వ్యూ ఉన్నది.”

“మనం కొట్లాడేదే నౌకర్ల కోసం గదా అత్తా, ఆపుతం. కని నౌకరి అచ్చినంక బిర్యానీ పెట్టాలె.”

“మొదలు రానియ్యిరా, నీ తిండి సంగతి తర్వాత.”

డప్పులు ఆగాయి. ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు సాగింది. పది రోజుల తర్వాత ఎంపికైనట్టు సునీత ఫోన్ చేసింది.

జరిగిందంతా రాసి ఆఫీసుకు పంపాను. సూపర్‌వైజర్ ఫోన్‌లో, “లాప్‌టాప్ ఇచ్చినవ్, సమజైంది. పనిచేస్తున్న లైను ముంగట పెట్టుకొని గా రూటర్ ఎందుకు విప్పినవ్‌రా?” అని అడిగారు. మెమో వచ్చింది. రూటర్ మళ్లీ లేవలేదు, రోడ్లు తెరిచాక ఆఫీసుదే ఒకటి పెట్టించాను.

మరో మూడేళ్లు ఆ పనిలో ఉన్నాను. ఏ ఇంటికి వెళ్లినా నెట్టు ఏ పనికి కావాలి, ఎన్ని గంటలకు కావాలి అని అడిగిన తర్వాతే సంచి తెరిచేవాణ్ని. చాలా ఇళ్లలో ఫర్మ్‌వేర్ మార్చాల్సిన అవసరమే రాలేదు.