జోడీ అక్క

నా డైరీలో ఆమె పేరు లేదు, ‘జోడీ అక్క’ అని ఉంది. యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధన చేసేది. తెలుగు మీడియం నుంచి వచ్చారని ల్యాబులో ఎవరూ జత కలుపుకోని పిల్లలను చూస్తే, “రా, నాకు జోడీగ ఉండు” అనేది. పిల్లలు పెట్టిన పేరే అది.

నేను బడిలో చదువు చెప్పిన అమ్మాయి ఎమ్మెస్సీ మానేసి ఊరికి వచ్చేస్తే, ఆమెను తీసుకుపోవడానికి జోడీ అక్క మా మానవపాడు దాకా వచ్చింది. ఆ అమ్మాయి కూలికి పోతున్న చేనుకు నేనే దారి చూపించాను.

“ఏందక్కా, పీహెచ్‌డీ ఇడిసిపెట్టి మిరపకాయలు తెంపనీకొచ్చినవా?”

“నీకోసమే వచ్చిన. సోమారం రావే, నేనున్న కద.”

“నువ్వున్నన్ని దినాలు మంచిగనే ఉంటది. ఎండకాలానికి నీ చదువు అయిపోతది. అటెంక నన్నెవరు పిలుస్తరక్కా?”

జోడీ అక్క, పెద్దవాణ్ణని నావైపు చూసింది.

“జర నీళ్లు తాగు బిడ్డా” అని ఆమెతో మాత్రం అనగలిగాను.