ఎసట్లో పోసేముందు తీసిన గుప్పెడు

మా చర్చి లెక్కలు రాసిపెట్టిన ఆడిటరు గారు పోయారని మొన్న చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. ఆయనది మా మతం కాదు, మాకు బంధువూ కాదు. అయినా ఫోను పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

తొంభైల చివర్లో పూతలపట్టు దగ్గర మా పల్లె చర్చికి నేను కోశాధికారిని. పెంకుల కప్పు కూలేట్టుంది. వానొస్తే పిల్లల్ని ఒక మూలకు చేర్చి ఆరాధన జరిపేవాళ్లం. కొత్త కప్పుకు అప్పు అడిగితే, మూడేళ్ల జమాఖర్చులు ఆడిటరు సంతకంతో తెమ్మన్నారు బ్యాంకువాళ్లు.

నేను రాసుకుపోయిన కాగితాన్ని ఆడిటరు గారు పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడారు. అది ఆయన అలవాటు. కప్పు కోసం సంఘస్థులు ఇస్తామన్న చందాలన్నీ నేను ఘనంగా రాబడిలో చూపించాను. పెన్సిలుతో కొట్టేశారు.

"ఇస్తామన్నది రాబడి కాదప్పా. చేతికొచ్చిందే రాయల్ల."

అవి పోతే మిగిలిన రాబడికి ఏ బ్యాంకూ అప్పివ్వదు. నా ముఖం వాడిపోయింది. ఆయన అప్పటికే ఖర్చుల వైపు చూస్తున్నారు.

"పాస్టరుకు జీతం ఇంతేనా? ఇంటిల్లిపాదీ ఏం తింటారప్పా?"

"గుప్పెడు బియ్యం ఉండాయి గదా సార్," అన్నాను. మా ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు పూటకో గుప్పెడు తీసి విడిగా పెట్టి, ఆదివారం చర్చికి తెస్తారు. డబ్బు కాదు గనక మేం ఎన్నడూ లెక్క రాయలేదు.

"నోటికాడిది తీసిస్తా ఉండారు, అది రాబడి కాదా?" ఆయనకు కోపం వచ్చింది. నాకు సిగ్గేసింది.

అదృష్టం, ఏ వారం ఎన్ని పడుల బియ్యం వచ్చాయో పాస్టరు గారి భార్య క్యాలెండరు గడుల్లో రాసుకునేది. ఆయన మూడేళ్ల క్యాలెండర్లూ తెప్పించి, ఆనాటి ధరలు కట్టి, ఒక్క గింజ పెంచకుండా రాశారు. బ్యాంకుకూ తానే వచ్చారు.

"రేపు ఈ బియ్యం ఆగిపోతే?" అన్నాడు మేనేజరు.

"ఆ ఇండ్లల్లో పొయ్యి వెలిగినన్ని దినాలు ఆగవు సార్. సూడండి, కరువు నెలల్లో తగ్గినాయి గానీ ఒక్క వారం తప్పలేదు."

అప్పు మంజూరైంది.

కొత్త కప్పు కింద మొదటి ఆదివారం ఆయన్ను పిలిచాం. ఆరాధన అయ్యాక, కూలికి పోయే ఒక ముసలమ్మ ఆయన దగ్గరకు వచ్చింది.

"నా బియ్యం గూడా రాసినావంట గదా. యాడుండాదో సూపించు నాయనా."

లెక్కలో ఎవరి పేరూ లేదు, అందరివీ కలిపి ఒకటే వరస. ఆయన ఆ మాట చెప్పలేదు. సంచిలోంచి నకలు తీసి ఆ వరస చూపించారు. చదువురాని ఆమె దానిమీద వేలు పెట్టి అలాగే నిలబడింది. ఆమె వేలు తీసేదాకా ఆయన వంగి కాగితం పట్టుకునే ఉన్నారు.