గీత తొక్కితే కూసో

చేతికందిన నౌకరీని నేనే చేజేతులా పోగొట్టుకోబోయిన వైనం చెబుతాను. మీరు హాయిగా నవ్వండి. కానీ ఆనాడు అంతమంది పెద్దల ముందు నేను ఏడవకుండా నిలబడ్డందుకు కాస్త మెచ్చుకోండి.

నిజాం రాజ్యం రోజులు. సిద్దిపేట బడిలో నేను డ్రిల్లు మాస్టరుని, అదీ తాత్కాలికం. అప్పటికి నా మీసం కూడా తాత్కాలికమే. ఒకరోజు తహసీల్దారుగారు పిలిపించారు.

"క్లబ్బుల టెన్నిస్ కోర్టు ఉత్తగనే ఉంది. మా పిల్లలకు ఆట నేర్పు. వచ్చే నెల జిల్లాకే పెద్ద దొర, తాలూక్‌దార్ సాబ్, తనిఖీ దౌరాకు వస్తుండు. ఆయన ముంగట పిల్లలు మంచిగ ఆడితే నీ నౌకరీ పక్కా చేయిస్త. టెన్నిస్ వస్తది గదా?"

"మస్తుగ వస్తది హుజూర్!"

నిజానికి టెన్నిస్ ఆటను నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ గోడ అవతలి నుంచే.

ఆయన కొడుకు రంగడికి తొమ్మిదేళ్ళు, కూతురు సుశీలకు ఏడు. బంతి వస్తుంటే రంగడు కోమటి చెరువు మీది కొంగలను లెక్కపెట్టేవాడు. సుశీల బంతి వెళ్ళిపోయాక ఎంతో ముద్దుగా బ్యాటు ఊపేది.

"బంతి దిక్కు చూడు రంగా!"

"చూస్తున్న సార్. గా కొంగ గూడ చూస్తుంది."

కోర్టును పేడతో అలికే మల్లవ్వ నా అవస్థ చూసి జాలిపడింది. "కాళ్ళొక దిక్కు, చేతులొక దిక్కు, కండ్లొక దిక్కు పోతున్నయి సారూ. మూడు ఒక్కతాన గలువాలె. నేను ముగ్గేస్త. గీత తొక్కకుంట దుంకుకుంట, బంతి ఎగరేసి పట్టుమను."

ముగ్గు తొక్కితే ఏ ఇంట్లోనైనా తిట్లు తప్పవు కదా, పిల్లలకు వేరే చెప్పే పనే లేకపోయింది. అయినా నా తెలివి ఊరుకుంటుందా? ఒక శిక్ష కూడా తగిలించాను: "గీత తొక్కినోళ్ళు ఉన్నకాడనే కూసోవాలె. నేను చెప్పినా లేవద్దు!"

పక్షం రోజుల్లో పిల్లలు మారిపోయారు. దుంకుతూ ఎడమచేత్తో కూడా బంతి పట్టేవారు, కళ్ళార్పేవారు కాదు. రంగడికి కొంగలు కనిపించడం మానేశాయి. నేను పొంగిపోయి, నౌకరీ ఖాయమైందని ఇంటికి జాబు రాసేశాను. అమ్మ వెంటనే నాకు పిల్లను వెతకడం మొదలుపెట్టింది.

ఆ రోజు రానే వచ్చింది. తాలూక్‌దారుగారు తెల్లని పంట్లాములో వచ్చారు. ఊరి పెద్దలంతా కుర్చీల్లో కూర్చున్నారు. మల్లవ్వ పొద్దున్నే కోర్టు అలికింది. క్లబ్బువాళ్ళు చుట్టూ, మధ్యనా సున్నంతో తళతళలాడే గీతలు గీశారు. అన్ని రోజులూ మేము ముగ్గు మీదే ఆడాము కదా, కోర్టుకు గీతలుంటాయన్న సంగతే నాకు తట్టలేదు!

నేను బంతి వేశాను. సుశీల చూపు తిప్పకుండా పరుగెత్తింది. కాలి బొటనవేలు సున్నానికి తగిలింది. అక్కడే చతికిలపడింది.

"ఏమైంది బిడ్డా?" అని తహసీల్దారుగారు కంగారుపడ్డారు.

"గీత తొక్కిన నాయినా."

"తొక్కితే ఏమైతది? లే!"

రంగడు తన కాళ్ళ కిందికి చూసుకున్నాడు. అక్కడా గీతే. వాడూ కూర్చున్నాడు.

"లేవున్రి! ఇయ్యాల తొక్కచ్చు!" అని అరిచాను.

"నువ్వు చెప్పినా లేవద్దన్నవు గద సార్!" అన్నాడు రంగడు.

తాలూక్‌దారుగారు పిల్లను లేపడానికి కోర్టు లోపలికి వచ్చారు. బూటు సరిగ్గా గీత మీద పడింది.

"తాతా, నువ్వు గూడ తొక్కినవు. కూసో," అంది సుశీల.

ఆయన బూటు చూసుకున్నారు, పిల్ల ముఖం చూశారు, మెల్లగా ఆ పచ్చి అలుకు మీద కూర్చున్నారు. అంతటి దొర నేల మీదుంటే కుర్చీల్లో ఎవరు కూర్చోగలరు? తహసీల్దారు, పోలీసు అమీన్ సాబ్, వకీళ్ళు అందరూ గబగబా దిగి పేడలో బైఠాయించారు. నిలబడింది నేనొక్కణ్ణే.

"మాస్టర్! ఇరవై ఏండ్ల సంది నౌకరీ చేస్తున్న. ఇంతమందిని ఒక్కసారే కూసోబెట్టినోన్ని సూడలే. బడికి నీ అసోంటోడే గావాలె. నౌకరీ పక్కా!" అని తాలూక్‌దారుగారు పగలబడి నవ్వారు. లేచి వెనుక తడుముకున్నాక మాత్రం, "టెన్నిస్ నేర్పుడు బంద్ చెయ్," అన్నారు.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: పై అధికారులను నేల మీద కూర్చోబెట్టే ఆట ఈ జన్మలో నేర్పను. నేర్పక తప్పకపోతే, అలుకు బాగా ఎండేదాకా ఆగుతాను.