ఎక్కడికని అడిగిన పొద్దు

మచిలీపట్నంలో కోడూరు బస్సెక్కి కూర్చోగానే మా అమ్మాయి మెసేజ్ వచ్చింది: "వేర్ ఆర్ యు గోయింగ్?"

మూడో తరగతిలో ఆ వాక్యం నేర్చుకున్న మర్నాడు పొద్దున్నే, వేటకి బయల్దేరుతున్న నాన్నకి గుమ్మంలో ఎదురెళ్లి అదే అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"అంటే ఏంటమ్మా?"

"ఎక్కడికి వెళ్తున్నావూ అని."

నాన్న భుజం మీది వల దించేశాడు. మా ఇళ్లల్లో సముద్రం మీదకి వెళ్లేవాళ్లని "ఎందాకా?" అనాలే తప్ప "ఎక్కడికి?" అనకూడదు. అపశకునం.

"ఇంగ్లీషులోనే కదమ్మా అడిగింది," అన్నాడు నాన్నమ్మతో.

"ఏ భాషలో అడిగినా అడిగినట్టే. కూర్చో," అందావిడ.

ఆయన కూర్చుని, మంచినీళ్లు తాగి రేవుకెళ్లేసరికి పడవ వెళ్లిపోయింది. సాయంత్రం ఆ పడవవాళ్లు గంపల నిండా చేపలు దించారు. మా ఇంట్లో పప్పుచారే. నాన్న నన్నేమీ అనలేదు. అన్నం కలుపుకుంటూ మెల్లగా, "ఆ ఇంగ్లీషు ముక్క ఇంకోసారి అను," అన్నాడు.

నాకు శకునాల మీద నమ్మకం లేదు. అయినా బస్సు దిగి, బస్టాండులో బల్ల మీద కూర్చుని, సీసాలో నీళ్లు రెండు గుక్కలు తాగాను.

తలెత్తేసరికి బస్సు లేదు.