కూపర్ గారి మగపెళ్లివారు

అమెరికాలో మేముంటున్న బాతెల్‌లో మా పక్కింటాయన డెబ్భై దాటిన మనిషి. భార్య పోయి చాన్నాళ్లయింది, పిల్లల్లేరు. మా అమ్మ బాపట్ల నుంచి వచ్చిన వారంలోనే, నన్ను మధ్యలో పెట్టి ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంటిపేరేంటి?" కూపర్ అన్నాడు. ఆయన పెరట్లో ఊరికే పడున్న సగం పీపాని అమ్మ మెచ్చుకుంటే, మా ఇంటికి ఈడ్చుకొచ్చి ఇచ్చాడు. అమ్మ అందులో గోంగూర వేసింది.

జూన్‌లో ఒకరోజు మళ్లీ పెళ్లి చేసుకుంటున్నానని చెప్పడానికి వచ్చాడు. మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకునే ఇంగ్లీషు చర్చిలోనే పెళ్లి. అక్కడి క్వయర్‌లో పాడే ఆవిడ, ఇన్నాళ్లూ పెళ్లి చేసుకోలేదట. "పేరు మార్చుకునే శ్రమ కూడా లేదు, ఆవిడ పుట్టుకతోనే కూపర్" అని నవ్వాడు. వెళ్తూ వెళ్తూ, "నా తరఫున ఎవరూ లేరు, మీ అమ్మగారు తప్పకుండా రావాలి" అన్నాడు.

ఆయన అటు వెళ్లగానే అమ్మ తలుపు వేసింది.

"నేను రానే. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్లు. వరస కాదు."

"మనం క్రిస్టియన్లం కదమ్మా, మనకెందుకీ పట్టింపులు?"

"యేసయ్యని నమ్ముకుంటే ఇంటిపేరు పోతుందా? మీ నాన్న సంబంధం వచ్చినప్పుడు మీ తాతయ్య ముందు అడిగింది అదే."

నాకు ఒళ్లు మండింది. అమ్మ మీద గెలవాలనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వెతకడం మొదలుపెట్టాను. కాసేపటికి గెలిచే సంగతే మర్చిపోయాను. వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో కూపర్ అంటే పీపాలు చేసేవాడు. బీరైనా, వెన్నైనా, ఉప్పు చేపలైనా దూరం పోవాలంటే పీపాలోనే పోవాలి. అందుకని ఎక్కడ చూసినా ఒక కూపర్. ఈ ఊరి కూపర్‌కీ పక్కూరి కూపర్‌కీ చుట్టరికం ఉండాలని లేదు. ఆ పని చేసినవాడితోనే ఆగిపోయినా, పేరు మాత్రం పిల్లలకి అంటుకుంది. మన ఇంటిపేర్లలో చాలావాటికి ఎప్పుడో వదిలొచ్చిన ఊరు మూలం. వాళ్లది వదిలేసిన పని. నాకది భలే నచ్చింది.

అమ్మ గోంగూరకి నీళ్లు పోస్తూ అంతా వింది. "అయితే ఈయన వాళ్లు ఏ ఊళ్లో పీపాలు చేసేవాళ్లో కనుక్కో" అంది. కంచె దగ్గర కనిపించినప్పుడు అడిగాను.

"తాతయ్య పేరు వరకే తెలుసు. ఇన్నేళ్లలో ఈ మాట నన్నెవరూ అడగలేదు" అన్నాడు. ఆయన మొహం చూస్తే జాలేసింది. అమ్మకి అదే చెప్పాను. అయినా పెళ్లికి వస్తానని అనలేదు.

పెళ్లి రోజు నేనొక్కదాన్నే తయారై బయటికొచ్చేసరికి, అమ్మ వెంకటగిరి చీర కట్టుకుని కారు పక్కన నిలబడి ఉంది.

"మరి వరస సంగతో?" అన్నాను, ఉడికించడానికి.

"మగపెళ్లివారు లేకుండా పెళ్లేంటే? పద."

చర్చిలో ఎడమవైపు బెంచీలన్నీ పెళ్లికూతురి అన్నదమ్ముల పిల్లలతో, క్వయర్ వాళ్లతో నిండిపోయాయి. కుడివైపు ఖాళీ. ఆయన సూటు వేసుకుని ముందు నిలబడి, అటు చూడకుండా కిటికీలు చూస్తున్నాడు. గుమ్మం దగ్గర ఒకతను మమ్మల్ని ఆపి, ఎవరి తరఫు అని ఇంగ్లీషులో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "గ్రూమ్స్ సిస్టర్" అని చెప్పి, నేరుగా వెళ్లి కుడివైపు మొదటి బెంచీలో కూర్చుంది.