నూరుమందికి కొలత

సోమేశ్వరరావు మాస్టారు ఇక లేరని ఆయన భార్య శారదాంబ గారు ఫోన్ చేసినప్పుడు నేను కెనడాలో, మా గ్వెల్ఫ్ ఊరి సిటీ బస్సులో ఉన్నాను. "నిన్న సాయంత్రం ఆస్పత్రిలో పోయారమ్మా" అన్నారావిడ. దిగ్భ్రాంతిలో నా నోట మొదట వచ్చిన మాట ఓదార్పు కాదు. "అదేమిటండీ, ఆయనతో నా వాదన ఇంకా తేలలేదు కదా!" అన్నాను. ఆవిడ ఏడుస్తూనే, "మీ వాదన తేలిందెప్పుడమ్మా!" అన్నారు.

మాస్టారు ఇక్కడి విశ్వవిద్యాలయంలో మృత్తికాశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్న ఆచార్యులు. విశ్రాంతి అన్నది కాగితం మీది మాట. ఆయన జిజ్ఞాస కట్లు తెంచుకున్నది పదవీ విరమణ తర్వాతే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఆవరణలో కొంతభాగం వాయుసేనకు శిక్షణాస్థలమై, వసతిగృహాల్లో విద్యార్థులకు బదులు సైనికులు నిద్రించేవారని తెలిసిన నాటి నుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు. కొందరికి వైర్‌లెస్, కొందరికి వంట నేర్పారట. ఏటా సెప్టెంబరులో కొత్తగా వచ్చిన మన తెలుగు విద్యార్థులను వెంటబెట్టుకుని, "ఇదిగో, ఇక్కడ కవాతు. ఇక్కడ వైర్‌లెస్. ఇక్కడ ఉల్లిపాయలు" అని తిప్పి చూపేవారు. ఒక పాత తలుపును టేపుతో కొలిచి, "గంగాళం మోస్తూ ఇద్దరు పక్కపక్కన పట్టేవారా?" అని తనను తానే ప్రశ్నించుకునేవారు. పిల్లలు వానలో తడుస్తున్నా ఆయన కదిలేవారు కారు.

నాకు ఒళ్ళు మండేది. నేను ఒకప్పుడు ఆయన శిష్యురాలిని. తర్వాత ఆహారశాస్త్రం చదివి ఆ రంగంలోనే ఉద్యోగం చేస్తున్నదాన్ని. ఊరికే తలూపే రకం కాదు. "కవాతంటే సరే మాస్టారూ. ఉల్లిపాయలు తరగడం కూడా సైనిక శిక్షణేనా? గరిటె పట్టుకున్నవాడూ సిపాయేనా?" అన్నానొకసారి, అందరి ముందూ.

ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని, "నూరుమందికి ఎప్పుడైనా వండావా అమ్మాయ్? వండి వచ్చి అడుగు" అన్నారు.

వండాను. మొన్న ఉగాదికి గుడి వంటింట్లో సాంబారు నాదేనని పట్టుబట్టాను. ఇంట్లో నలుగురికి చేసే కొలతను ఇరవై అయిదుతో హెచ్చవేశాను: పప్పు, చింతపండు, కారం, నీళ్ళు, అన్నీ. లెక్క తప్పలేదు, సాంబారే తప్పింది. చిన్న గిన్నెలో ఆవిరైపోయినట్టు పెద్ద గంగాళంలో నీళ్ళు ఆవిరి కావని ఇంత చదువుకున్న నాకు తట్టలేదు. "ఆంటీ, ఇది రసమా?" అని ఒకమ్మాయి అమాయకంగా అడిగింది. మాస్టారు మాత్రం రెండోసారి పోయించుకుని, తాగుతూ ఏదో ఆలోచించారు.

మర్నాడు ఒక పాత నోటుపుస్తకంతో మా ఇంటికి వచ్చారు. యుద్ధకాలంలో ఇక్కడ వంట నేర్చుకున్న ఒక సైనికుడిదట. అతని చెల్లెలు, తొంభై దాటిన ముసలావిడ, మాస్టారి ప్రశ్నలకు మెచ్చో విసిగో ఇచ్చేసిందట. నూరుమందికి సూపు అని రాసుకున్న పేజీలో నీళ్ళ కొలత మీద అడ్డగీత ఉంది. పక్కన ఎర్రసిరాతో శిక్షకుడి ఇంగ్లీషు అక్షరాలు: నీళ్ళు హెచ్చవేయకు.

"చూశావా? అచ్చంగా నీ తప్పే!" అన్నారు సంబరంగా. "పాపం, ఆ పూట నూరుమంది ఆ నీళ్ళే తాగి కవాతుకు వెళ్ళుంటారు. ఎలా నడిచారో?"

ఆయన తన గెలుపు చాటుకోవడానికి రాలేదు. వాళ్ళు ఎలా నడిచారో ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

నేను ఆ క్షణమే ఒప్పుకోవలసింది. అందరి ముందూ అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలని నా పంతం. "సెప్టెంబరులో మీ వెంట వచ్చి, పిల్లల ముందు చెబుతా లెండి" అన్నాను. ఆయన ఆగస్టులో వెళ్ళిపోయారు. చివరి రోజు కూడా భోజనం ట్రే తెచ్చినావిడను, "ఎంతమందికి వండుతారమ్మా మీరు?" అని అడిగారట. ఆవిడ కనుక్కుని వచ్చేసరికి నిద్రపోయారట.

పన్నెండో రోజు భోజనాలకు వంట నేనే చేస్తానన్నాను. శారదాంబ గారు నన్ను అనుమానంగా చూసి, లోపలికి వెళ్ళి, ఆ నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. కూరలు తరగడానికి విద్యార్థులు వచ్చారు. గుమ్మడికాయ ముక్కలు చేస్తున్న ఒకమ్మాయి అంది:

"ఆంటీ, వంట నేర్చుకోవడం కూడా మిలిటరీ ట్రైనింగే అని మాస్టారు చెప్పేవారంట. సీరియస్‌గానా?"

"నూరుమందికి ఎప్పుడైనా వండావా అమ్మాయ్?"

"లేదాంటీ."

"అయితే తరుగు. భోజనాలయ్యాక అడుగు."

సాంబారు కుదిరింది మాస్టారూ. నీళ్ళు హెచ్చవేయలేదు. ఆనాటి నా మాటను ఇందరి ముందూ, అచ్చయ్యే ఈ నివాళిలో, వెనక్కి తీసుకుంటున్నాను: గరిటె పట్టుకున్నవాడూ సిపాయే. మీరు గెలిచారు. ఆ నూరుమంది ఆ పూట ఎలా నడిచారో మాత్రం నాకు తెలియదు. ఈ ఊళ్ళో ఆ ప్రశ్న అడిగిన మనిషి మీరొక్కరే. మీ పాదాలకు నా నమస్సులు.